తొమ్మిది తిప్పితే అక్క

ఇది రెండు మహాసామ్రాజ్యాల కథ. రెండు సింహాసనాలు ఒకటయ్యాయి, జెండాలు మారాయి, సామంతులు దిక్కులేని వాళ్లయ్యారు. ముప్ఫై ద్వారాల కోటను ఒక స్త్రీ ఒంటరిగా కాపాడింది. బంగాళాఖాతం సాక్షి.

అంతా అబద్ధం కాదుగానీ కొంచెం తగ్గించుకోవాలి. సామ్రాజ్యాలంటే ఆఫీసులకు టెలిఫోను బోర్డులు అమ్మే రెండు కంపెనీలు. అవి కలిసిపోయాయి, మా ఆఫీసులో ఫోన్లు మోగడం మానేశాయి. కోట అంటే ముప్ఫై కన్నాల చెక్కబోర్డు. ఆ స్త్రీ మా ఆపరేటరు అక్క. యుద్ధంలో గుర్రాలు లేవు, ఒక పాత మోపెడ్ ఉంది, అదీ కిక్కు కొడితేగానీ కదిలేది కాదు. సముద్రం సాక్షి అన్నది మాత్రం నిజం, కిటికీలోంచి కనబడేది కాబట్టి.

ఎనభైలు సగం దాటిన రోజులు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. దానికి కావలసిన యంత్రాలు ఓడల్లో వచ్చేవి. వాటిని దింపించి, కాగితాలు చేయించి, లారీలకెక్కించే కంపెనీ ఒకటి పోర్టు గేటు దగ్గర ఉండేది. అందులో నేను ఎలక్ట్రీషియన్‌ని. సబ్బవరం అవతల మా ఊరి నుంచి తెల్లారి బస్సులో వేలాడుతూ వచ్చేవాణ్ణి. ఐటీఐ పాసై ఇరవై రెండేళ్లకే ఉద్యోగం దొరికిందని మా ఊళ్లో పెద్ద పేరు. ఆఫీసులో పేరు లేదు, "ఒరే కరెంటూ" అనేవాళ్లు. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మేనేజరుగారి గదిలో కాలింగ్ బెల్లు, ఆ చెక్కబోర్డు, ఇవీ నా రాజ్యం.

బోర్డు పని చేసే పద్ధతి తేలికే. ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద ఆ కన్నం పైనున్న చిన్న రేకుమూత టప్పున పడుతుంది. అక్క ఒక ప్లగ్గు వైరు అందులో గుచ్చి "ఎస్ ప్లీజ్" అంటుంది. ఎవరు కావాలో చెబితే జంట వైరు ఆ కన్నంలో గుచ్చుతుంది. ప్రతి కన్నానికీ ఒక నంబరు ఉంది, కానీ దాన్ని తలుచుకున్నవాడు లేడు. మావాళ్ల పద్ధతి వేరు.

"అక్కా, లారీల కాటా దగ్గర పెద్దాయన్నియ్యి."

"పెద్దాయన కాటా కాడ లేడు, టీ తాగడానికి రెండో గోడౌను కాడికెల్లినాడు. అక్కడికిత్తన్నాను, ఆగు."

"ఆయన టీ తాగుతున్నాడని నీకెలా తెలుసక్కా?"

"పొద్దున్న ఆయన ఫోనులో నువ్వొచ్చీ, ఇద్దరం టీ తాగుదాం అన్నాడు గదా ఆ లారీ ఆఫీసోడితోటి. నాను సెవిటిదాన్నేటి?"

ఇలా ముప్ఫై ఫోన్లూ, మూడు బయటి లైన్లూ, ఎవడెక్కడున్నాడో, ఎవడు లేడని చెప్పమన్నాడో, అన్నీ ఆవిడ తలలో ఉండేవి. బయటి కాల్ వస్తే "గుడ్మార్నింగ్, వుయ్ విల్ కనెక్ట్ యూ" అని మెత్తగా పలికేది. ఆ గొంతు విని ఒక ఓడ కెప్టెన్ ఆఫీసుకి పూలగుత్తి పట్టుకొచ్చాడు. వచ్చి చూస్తే ఆవిడ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎండుచేపల కూరతో అన్నం తింటోంది. పూలు మేనేజరుగారి టేబుల్ మీదకి పోయాయి.

ఆ అక్కకి ఒక కోరిక ఉంది. పెద్దదేమీ కాదు. జ్వరమొస్తే ఒకరోజు ఇంట్లో పడుకోవాలి.

ఆవిడ టెంపరరీ. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. మూడు నెలలకోసారి "మరో మూడు నెలలు" అని ఒక కాగితం వచ్చేది. టెంపరరీకి సెలవు లేదు. ఒకరోజు రాకపోతే తరవాతి కాగితం రాకపోవచ్చు. ఆదివారం చర్చికి వెళ్లి వచ్చేదాకా మాత్రం బోర్డు దగ్గర నన్ను కూర్చోబెట్టేది. ఆ రెండు గంటల్లో నేను కలిపిన కాల్స్ గురించి ఇప్పటికీ కొందరు నాతో మాట్లాడరు. ఆ ఏడు హెడ్డాఫీసు డైరెక్టరు వైజాగ్ వస్తాడనీ, బోర్డు ఆపరేటరు పోస్టు పర్మనెంటు చేయించేస్తాననీ మేనేజరుగారు మాటిచ్చారు. అక్క దానికోసం కాచుక్కూచుంది.

సరిగ్గా అప్పుడే ఉత్తరం వచ్చింది. మా బోర్డు కంపెనీ వేరే కంపెనీలో కలిసిపోయింది, మాన్య ఖాతాదారులకు ఇకపై రెట్టింపు సేవ అందుతుంది, అని. ఉత్తరం పైన రెండు కంపెనీల బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయి, పెళ్లి శుభలేఖలాగా. కింద చిన్న అక్షరాల్లో ఇంకోమాట: పాత బోర్డుల సామాను ఆరు నెలల వరకే దొరుకుతుంది.

రెట్టింపు సేవ కోసం ఎదురుచూశాం. అంతకుముందు బోర్డు పాడైతే ఆ కంపెనీ మెకానిక్ మోపెడ్ మీద వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను బావా అని పిలిచేవాడు, ఏ కన్నంలో ఏ స్ప్రింగు అరిగిందో చెవితో చెప్పేవాడు. విలీనం తరవాత ఊళ్లో రెండు బ్రాంచీలెందుకని ఒకటి మూసేశారు. మూసింది మా బోర్డు కంపెనీదే. మూడు వారాలకి అతను వచ్చాడు. అదే మోపెడ్, కానీ మెడలో టై. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి లేదు, రంగురంగుల కాగితాలున్నాయి.

"ఏటి బావా, ఎవురి పెళ్లి?" అన్నాను.

"నవ్వకు. నానింక రిపేరు సెయ్యకూడదట. సేసినట్టు తెలిస్తే తీసీత్తారట."

"మరేటి సేత్తావు?"

"అమ్ముతాను. ఎలక్ట్రానిక్ పెట్టె. ఫోన్లు దానంతటదే కలిపీత్తాది."

"అమ్మడం వొచ్చా నీకు?"

"రాదు. అందుకే తెలిసినోళ్ల కాడికొచ్చినాను."

అక్క హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, "మూడో వైరు గరగరలాడతంది, ఒక్కసారి సూడు నాయనా" అంది. అతను బోర్డు వైపు చూశాడు. చెయ్యి లేచింది. టై సర్దుకుని దించేసుకున్నాడు. అంత బాధగా ఉన్న మనిషిని చూసి నవ్వకూడదు. నేను అవతలికి వెళ్లి నవ్వాను.

వెళ్తూ వెళ్తూ మోపెడ్ స్టార్ట్ చేస్తున్నట్టు వంగి, నాకు మాత్రం వినబడేలా అన్నాడు: "ప్లగ్గు కొన ఇత్తడే బావా. లేతు మిషను ఉన్నోడు ఎవుడైనా తీత్తాడు. నాను సెప్పలేదు."

అక్కడ మొదలైంది నా పరుగు. ఆ ఆరు నెలలు నేను కూర్చున్నట్టు గుర్తులేదు. బస్సులో కూడా నిలబడే వచ్చేవాణ్ణి, అది సీట్లు లేక. అరిగిన ప్లగ్గులు జేబులో వేసుకుని ఆటోనగర్ వెళ్తే, లారీ యాక్సిళ్లు తిప్పే లేతు మేస్త్రీ వాటిని అరచేతిలో పోసుకుని, "ఇవేటి, ముక్కుపుడకలా?" అన్నాడు. కానీ తీసిచ్చాడు. మొదటి విడత లావైపోయి కన్నాల్లోకి దిగలేదు. రెండో విడత సన్నమైపోయి, గుచ్చినవి గుచ్చినట్టే జారిపోయేవి, మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగి "హలో, హలో" అని గోడలకి చెప్పుకునేవాళ్లు. మూడో విడత కుదిరింది.

ప్లగ్గులు సరే, వైర్ల మీది నూలు అల్లిక చిరిగిపోయేది. దానికి దారి అక్కే చూపించింది. వాళ్ల తమ్ముడు ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేస్తాడు. తెల్లారకముందే వెళ్లాలి, పడవలు తిరిగొచ్చి వేలం మొదలైతే అక్కడ మన మాట మనకే వినబడదు. నేను తీసుకెళ్లిన వైరుని అతను ఐసుపెట్టె మీద పరిచి చూశాడు.

"నీటిలో ఏత్తారా దీన్ని?"

"లేదన్నా, ఫోను వైరు."

"మరెందుకు సిరిగింది?"

"మీ అక్క రోజల్లా లాగుతాది గదా."

"సిన్నప్పుడు నా జుట్టూ అలాగే లాగేది," అని, నీలం వల దారం తీసి, సూదిబద్దతో చుట్టూ బిగించి అల్లేశాడు. అంత చక్కటి అల్లిక ఏ కంపెనీ కూడా చెయ్యలేదు. ఒకటే లోపం. ఎండలో బోర్డు వేడెక్కాక గదంతా హార్బర్ వాసన.

"ఇంట్లో అదే వాసన, ఇక్కడా అదే వాసన," అంది అక్క. "ఏటిరా తమ్ముడా నా బతుకు." అని నవ్వింది. నవ్వుతూనే గోడ మీది క్యాలెండరు చూసింది. డైరెక్టరు వచ్చేదాకా బోర్డు బతకాలి. ఆవిడ పోస్టు పేరే బోర్డు ఆపరేటరు. బోర్డు పోతే ఆపరేటరు దేనికి?

బోర్డు ఆరు నెలలు బతికింది, ఏడో నెలా బతికింది. డైరెక్టరు రాలేదు. వానాకాలం వచ్చింది. చెమ్మకి లోపలి కాయిల్స్ ఒక్కొక్కటే కాలిపోయాయి. కాయిల్‌ని లేతూ తియ్యలేదు, వల దారమూ కట్టలేదు. చివరికి ముప్ఫైలో పదకొండు కన్నాలు మిగిలాయి. ఒకరోజు కాటాకి ఫోను కలవక అక్క కిటికీ తలుపు తీసి, "ఓ పెద్దాయనా! లారీ ఆపీ! కాయితం తప్పట!" అని కేక పెట్టింది. గోడ అవతల పోర్టు గేటు దగ్గర మాది కాని లారీ కూడా ఒకటి ఆగిపోయింది. ఆ మర్నాడే మేనేజరుగారు ఎలక్ట్రానిక్ పెట్టెకి ఆర్డరిచ్చారు. పక్క షిప్పింగ్ ఏజెంటు అప్పటికే కొన్నాడన్నది అసలు కారణం.

మెకానిక్ బావకి అది మొదటి అమ్మకం. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అక్క వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

పెట్టెతో పాటు మద్రాసు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. బీరువా అంత ఉంటుందనుకున్నాం, ట్రంకుపెట్టె అంత ఉంది. అతను అందరినీ పిలిచి నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. "ఇక ఎవరి నంబరు వాళ్లు తిప్పుకోవచ్చు. ఆపరేటరు అవసరమే లేదు!" అని చప్పట్ల కోసం ఆగాడు. అక్క ముందు వరసలోనే ఉంది.

"అయితే సార్," అంది, "నాకు కుర్సీ ఉంటాదా?"

 పైన ఫ్యాన్ కిర్రుమంది. నూనె వెయ్యాలని గుర్తొచ్చి, ఆ సందర్భంలో గుర్తొచ్చినందుకు నామీద నాకే కోపమొచ్చింది. మేనేజరుగారు గొంతు సవరించుకుని, జనానికి అలవాటయ్యేదాకా ఆపరేటరు ఉంటారనీ, డైరెక్టరుగారు వచ్చాక నిర్ణయిస్తారనీ చెప్పారు. అంటే ఇన్నాళ్లూ డైరెక్టరు రాక కోసం ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు ఆయన రాకూడదని కోరుకోవాలి.

ఆ పెట్టెకి నంబర్లు ఎక్కించడానికి ఇంజనీరు ఒక ఫారం ఇచ్చాడు. విలీనంలో రెండు కంపెనీల ఫారాలనీ కలిపి ఒకటి చేశారట. పాత ఫారంలో 'ఏ గది, ఏ బల్ల' అని ఒక గడి ఉండేది. కొత్తదాంట్లో అది ఎగిరిపోయింది. మిగిలినవి రెండే: హోదా, నంబరు. ఇరవై ఒకటి నుంచి యాభై దాకా.

మేనేజరుగారు దాన్ని హెడ్ క్లర్కుగారికి ఇచ్చారు. హెడ్ క్లర్కుగారికి హోదా అన్న మాట కనబడితే చాలు. కుర్చీల వరస, కొత్త సంవత్సరం డైరీల పంపకం, గ్రూప్ ఫోటోలో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, అన్నీ ఆయన సీనియారిటీ జాబితా ప్రకారమే. ఫోన్లూ అలాగే నింపారు. మేనేజరుగారు ఇరవై ఒకటి, తాను ఇరవై రెండు, అలా దిగుతూ దిగుతూ గేటు వాచ్‌మన్ యాభై. అందరూ రోజంతా పిలిచే కాటా, నలభై ఏడు. ఎవరూ ఎప్పుడూ పిలవని పాత రికార్డుల గది, అక్కడ ఒక సీనియర్ ఉన్నందుకు, ఇరవై మూడు.

ఆయన్ని బాధపెట్టింది ఒకటే. ఆపరేటరు నంబరు తొమ్మిది.

"మేనేజరుగారు ఇరవై ఒకటీ, ఆ టెంపరరీ ఆవిడ తొమ్మిదా? ముందొచ్చేస్తోంది కదయ్యా!"

"ఫ్యాక్టరీలోనే అలా వస్తుంది సార్, మార్చలేం," అన్నాడు ఇంజనీరు, రైలు టైమవుతోందని వాచీ చూసుకుంటూ.

మార్చలేం అన్నది పెట్టె మాట. మావాళ్లకి మార్చడం తెలుసు. రెండు వారాలు తిరక్కుండా షిప్పింగు క్లర్కుకి ప్రమోషన్ వచ్చింది. ముప్ఫై ఒకటో నంబరువాడు ఇరవై ఏడుకి ఎక్కాలి కదా. అప్పటిదాకా ఇరవై ఏడు నుంచి ముప్ఫై దాకా ఉన్న నలుగురూ ఒక్కో మెట్టు దిగాలి. హెడ్ క్లర్కుగారు నన్ను పిలిచారు. నంబరు పెట్టెలో ఉంటుంది, పెట్టె నుంచి బల్లకి వైరు వెళ్తుంది, పెట్టె పక్కనున్న పలక మీద వైర్లు అటుదిటు మారిస్తే ఎవడి నంబరైనా ఎవడికైనా పోతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పిన తెలివితక్కువవాణ్ణి నేనే. ఒక ప్రమోషన్‌కి ఐదుగురి నంబర్లు మారాయి. తరవాత ఒక రిటైర్మెంటుకి పద్నాలుగు. తరవాత ఒకాయన తనకన్నా నాలుగు నెలలు వెనక చేరినవాడి నంబరు తనకన్నా ముందుందని అన్నం మానేశాడు. మధ్యాహ్నం ఒక్కపూటే మానేశాడు, కానీ నంబరు మార్చాం.

మూడు నెలలకి ఎవరి నంబరు ఏదో ఎవరికీ తెలియదు. అందరి బల్లల మీదా గాజుపలక కింద మొదటిరోజు టైపు చేసిన జాబితా భద్రంగా ఉంది. అది తప్ప అన్నీ మారాయి. దాంతో మావాళ్లు పాత పద్ధతికి వచ్చేశారు. ఫోనెత్తడం, తొమ్మిది తిప్పడం, "అక్కా, కాటా కాడ పెద్దాయన్నియ్యి."

నేను వైరు మార్చినప్పుడల్లా అక్క వచ్చి పక్కన నిలబడి చూసేది. రాసుకునేది కాదు. రెండుసార్లు పెదవులు కదిపేది, అంతే. పడుకుంటే కళ్ల ముందు వైర్లే కనబడుతున్నాయని, దేవుడి ప్రార్థనలో కూడా మధ్యలో ముప్ఫై నాలుగు వచ్చేస్తోందని చెప్పింది.

అప్పుడొచ్చాడు డైరెక్టరు. పెద్ద యంత్రం ఒకటి ఓడలోంచి దిగుతుంటే చూడ్డానికి. ముందురోజు సాయంత్రమే కబురందింది. మేనేజరుగారు నన్ను పిలిచి, "పెట్టె బాగా పనిచేస్తోందిగా? రేపు సారుకి చూపిస్తాను. ఆపరేటరు లేకుండా," అన్నారు.

బాగా పనిచేస్తోంది సార్, అన్నాను. అది నిజం. ఆయన బల్ల మీది జాబితా పాతదని చెప్పలేదు. అదీ నిజమే. మరిచిపోయానని చెప్పుకోవచ్చు, మరిచిపోలేదు. ఊరెళ్లే బస్సులో కాళ్లు ఒకచోట నిలవలేదు. పక్కనున్న ముసలాయన "బెల్లు కొట్టీమంతావేటి, దిగిపోతావా?" అని అడిగాడు.

మర్నాడు డైరెక్టరు కుర్చీలో, మేనేజరుగారు నిలబడి, హెడ్ క్లర్కుగారు తలుపు దగ్గర. ఫ్యాను బాగుచేస్తున్నట్టు నేను స్టూలు మీద. మేనేజరుగారు జాబితా మీద వేలు పెట్టి, గేటు నంబరు యాభై అని చదివి, "సార్ కారు గేటు దగ్గరికి తెమ్మని నేనే చెబుతాను, చూడండి," అని తిప్పారు. రిటైరైనాయన ఖాళీ బల్లకి మిగిలిన నంబరు అది, పాత రికార్డుల గదిలో మోగింది. అక్కడి సీనియర్ నిద్రలోంచి లేచాడు.

"ఎవుడ్రా అది, ఏలా పాలా లేదేటి?" అన్నాడు. గదంతా వినబడింది.

మేనేజరుగారు నవ్వి పెట్టేసి, కాటాకి నలభై ఏడు తిప్పారు. ఆ ఫోను ఆయన తలుపు అవతల, హెడ్ క్లర్కుగారి బల్ల పక్కనే మోగింది. ముగ్గురూ అటు తిరిగి చూశారు. మూడోసారి తిప్పడానికి ఆయన వేలు రాలేదు. డైరెక్టరు ఫోను తనవైపు లాక్కుని, దానిమీద అంటించిన 'ఆపరేటరు 9' కాగితం చూసి, తొమ్మిది తిప్పాడు.

"ఎస్ ప్లీజ్."

"నా కారు..."

"గుడ్మార్నింగ్ సార్. మీ డ్రైవరు కాటా దగ్గర ఉన్నారు సార్, టీ అయిపోయింది. గేటుకి రమ్మని చెప్పేశాను. ఓడ మీద క్రేను పది నిమిషాలు లేటు సార్, తొందర లేదు."

డైరెక్టరు ఫోను పెట్టి, "ఆపరేటరు అవసరం లేదన్నారు కదా?" అన్నాడు. మేనేజరుగారు నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. అది అప్పటికే తిరుగుతోంది.

సాయంత్రం అక్క నా మీద మండిపడింది. "పాత జాబితా సంగతి దాసీమని నీకెవుడు సెప్పినాడ్రా? ఆయన కోపం నీ మీదికొత్తే? నీ ఉద్యోగం పోతే మీ అమ్మకేటి సెప్పాల నాను?" దానికి నా దగ్గర జోకు లేదు. వెతికాను, దొరకలేదు. నా ఉద్యోగం పోలేదు. మేనేజరుగారు నెలరోజులు నన్ను కాలింగ్ బెల్లు కొట్టి పిలిచారు, అంతకుముందు పేరుతో పిలిచేవారు. ఆయన ఒక్కరే.

ఆరు వారాలకి ఉత్తర్వు వచ్చింది. అక్క పర్మనెంటు. మూడు కాల్స్ ఆపిపెట్టి చదివింది. రెండోసారి చదివింది. చెమ్మ తగలకుండా హెడ్‌ఫోన్ డబ్బాలో పెట్టి మూతేసింది.

"తమ్ముడా, సెలవు కాయితం ఎలగ రాయాల?" అంది.

"జొరమా?"

"లేదు. వొత్తాదేమో అని."

హెడ్ క్లర్కుగారు మాత్రం ఊరుకోలేదు. కొత్తగా పర్మనెంటయినవాళ్లు సీనియారిటీలో అందరికన్నా కింద, కాబట్టి ఆపరేటరు నంబరు తొమ్మిది కాక యాభై ఒకటి చెయ్యాలని కంపెనీకి ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. దానిమీద ఇప్పుడు మూడు కంపెనీల బొమ్మలున్నాయి. మీ దగ్గరున్న పెట్టె రకం తయారీ ఆపేశాం, సామాను ఆరు నెలల వరకే దొరుకుతుంది, అని ఉంది. జవాబు తెచ్చిచ్చింది మెకానిక్ బావే. టై లేదు. మళ్లీ ఎవరి కింద పనిచేస్తున్నాడో అతనికింకా తెలియలేదు.

అక్క ఉత్తర్వులో చివరి లైను ఆరోజు ఎవరూ పట్టించుకోలేదు. ఆపరేటరు విధుల్లో, కరెంటు పోతే పెట్టెని నడిపే బ్యాటరీలు చూసుకోవడం కూడా ఉంది. అవి ఇరవై నాలుగు. పదిహేను రోజులకోసారి, జ్వరమొచ్చినా సరే, డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి, లోపలి పలకల మీద అరంగుళం నిలవాలి. కొళాయి నీళ్లు పొయ్యకూడదు.